దుబాసీ

మస్కట్‌లో పదకొండేళ్ళు నీళ్ళ ట్యాంకరు తోలిన నోటికి
ఇంత విలువుంటుందని నాకు తెలీదు.
కొత్తపేటలో ఐదంతస్తుల ఆసుపత్రి
నా మెడలో నీలం తాడేసి
కార్డు మీద నాగుల్ మీరా అనే పేరు కింద
‘అంతర్జాతీయ రోగుల సహాయకుడు’ అని అచ్చేసింది.
మా ఆనందపేటలో మాత్రం
ఒక్క మాటలో తేల్చేశారు: దుబాసీ.

పని తేలికే.
వాళ్ళు అరబ్బీలో మూలిగింది
తెలుగులో చెప్పాలి,
డాక్టరు గారి ధైర్యాన్ని
అరబ్బీలోకి తిరగేయాలి.
మధ్యలో బిల్లు వస్తే
గొంతు కాస్త తగ్గించాలి.

ఖల్ఫాన్‌ది సూర్ అనే రేవు ఊరు.
రెండు మోకాళ్ళూ అరిగి వచ్చాడు.
చేతులు చూస్తే మన నిజాంపట్నం చేతులే,
వల తాడు కోసిన గీతలతో సహా.
అక్కడ తన వంతు రావాలంటే ఏడాదిన్నరట.
పడవలో సగం వాటా బావమరిదికి అమ్మి
గన్నవరంలో దిగాడు.
ఎక్కడ బాధ అంటే ‘అలమ్’ అంటాడు,
ఎట్లా ఉంటుందంటే మళ్ళీ ‘అలమ్’ అంటాడు.
నేనే దానికి
పోటా, సలుపా, తీపా, పీకుడా
ఏదో ఒక తెలుగు తొడుగు తొడిగి పంపిస్తాను.
డాక్టరు గారు రాసుకునేది ఇంగ్లీషులో.

పదహారో రోజు నడిచాడు.
వరండా చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి,
నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.
ఆ సంతోషంలో నాకూ వాటా ఉంది,
అబద్ధమెందుకు,
జీతంలోనూ ఉంది.
కళ్ళు తుడుచుకుని అడిగాడు:
మరి మీ ఊరి మోకాళ్ళు ఎక్కడ బాగుచేయించుకుంటారని.
ఆ ఒక్క ప్రశ్నా
నేనెవరికీ తర్జుమా చెయ్యలేదు.

లాడ్జి వెంకటరత్నం గది అద్దె మూడింతలు చేశాడు.
నరసరావుపేట నుంచి, మాచర్ల నుంచి
రోగితో వచ్చినవాళ్ళు ఇప్పుడు
మెట్ల కింద దుప్పటి పరుస్తున్నారు.
మెస్సువాడు సాంబారులో కారం తగ్గించాడు,
గుంటూరులో!
యార్డు వైపు నుంచి గాలి తిరిగిన పూట
వీధి వీధంతా తుమ్ముతుంది,
అదొక్కటే ఇంకా అందరికీ ఒకే రేటు.
బోర్డులు రాసే పిచ్చయ్య
అరబ్బీ అక్షరాలు ఎడమ నుంచి కుడికి గీస్తాడు.
ఎటునుంచి గీసినా మందుల షాపు మందుల షాపే
అంటాడు, కుంచె కడుక్కుంటూ.

ఈ డాక్టరు గారు ఇదివరకు
సోమ, గురువారాలు పెద్దాసుపత్రిలో కూర్చునేవారు.
ఆ కుర్చీ ఇంకా ఉందట.
దాని మీద ఎక్స్‌రే కవర్ల కట్ట పెట్టారట.
సిస్టర్ మరియకుమారి కూడా ఇక్కడికే వచ్చేసింది,
ఆమె వెనక మరో నలుగురు.
తప్పేమంటాం,
ఇక్కడ జీతం ఒకటో తారీఖున పడుతుంది.

దుర్గి నుంచి పేరంటాలు వచ్చింది.
మిరప చేలో ముప్పై కోతలు వంగిన నడుము.
ఆ ఖాళీ కుర్చీ దగ్గర రెండు సోమవారాలు చూసి
డాక్టరు గారిని వెతుక్కుంటూ ఇటొచ్చింది.
తెల్లకార్డు వాళ్ళకి వారానికి రెండు మంచాలు,
ఉగాది దాటేదాకా నిండిపోయాయి.
కౌంటరు పిల్ల కొత్త పద్ధతిలో అడిగింది:
‘ఒకటి నుంచి పది దాకా, నొప్పి ఎంతమ్మా?’
పేరంటాలు ఆలోచించింది.
‘కోడి కూసిందాకా ఉంటది తల్లీ.’
ఆ పిల్ల నా వైపు చూసింది.
మొదటిసారి నాకు
తెలుగులోంచి తెలుగులోకి
చెప్పాల్సొచ్చింది.
‘తొమ్మిది’ అన్నాను.
రాసుకుంది.
ఉగాది తర్వాతే, అంది.

సాయంత్రం ఖల్ఫాన్ ఇచ్చిన ఖర్జూరాల్లో
నాలుగు ఆమె చేతిలో పెట్టాను.
మెట్ల కింద కూర్చుని తిని
గింజలు కొంగున ముడేసుకుంటూ అడిగింది:
‘ఆ పైనున్నోళ్ళ బాసలో
నా నొప్పి ఒక్కసారి చెప్పు నాయనా,
లోపలికి రానిస్తారేమో.’

లిఫ్టు తలుపులు మూసుకున్నాక,
ఎవరూ లేరని చూసుకుని,
చెప్పాను:
అలమ్.

ఆమె కాసేపు నోట్లో తిప్పి చూసింది,
ఖర్జూరం లాగే.
‘ఇంతేనా’ అంది.
‘మరీ పొట్టిగా ఉందే.’